పదకొండు ఆదివారాల రొట్టెలు

(‘సదరు వాన’ – తొమ్మిదో భాగం)

పోయిన వారం మల్లికార్జునయ్యను మనం ఎర్రదొడ్డి బడి వరండాలో, రెండు చేతులతో కిరీటం పైకెత్తి పట్టుకున్న భంగిమలో వదిలేసి వెళ్లిపోయాం. అరవై మూడేళ్ల మనిషి, అందులోనూ కుడి భుజానికి రోజూ నూనె రాయించుకునే మనిషి, వారం రోజులు అలా నిలబడటం న్యాయం కాదు. కాబట్టి ముందు ఆయన చేతులు కిందికి దించే ఏర్పాటు చూద్దాం.

కొత్తగా వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఆదోనిలో బ్యాంకు హెడ్ క్యాషియర్‌గా రిటైరైన మల్లికార్జునయ్యకు 1987లో బ్యాంకు శాఖల నాటక పోటీల్లో ఒక షీల్డు వచ్చింది. అది ఆయన ఇంటి షోకేసులో ఉంటుంది. వచ్చినవాళ్లు కూర్చునే సోఫా దానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఇంకో సోఫా లేదు. రిటైరయ్యాక పల్లె పిల్లలకు కళలు నేర్పాలనిపించి, మూడు నెలలుగా ప్రతి ఆదివారం స్కూటరేసుకుని ఎమ్మిగనూరు రోడ్డు పక్కనున్న ఎర్రదొడ్డికి వస్తున్నాడు. పద్నాలుగు మంది పిల్లలకు నాటకం నేర్పుతున్నాడు. నాటకం కూడా ఆయనే రాశాడు. మూడేళ్లుగా మొహం చూపించని వానకు ఒక రాజు నోటీసు పంపిస్తాడు, అదీ కథ. రాజు చేత వానను ‘సదరు వాన’ అనిపించాడు. బ్యాంకు నుంచి మనిషి రిటైరైనంత తేలిగ్గా భాష రిటైర్ కాదు.

వచ్చే ఆదివారం ఎమ్మిగనూరు జాతరలో, మిమిక్రీకీ లడ్డు వేలానికీ మధ్య, వీళ్లకు నలభై నిమిషాలు స్టేజీ ఇచ్చారు.

రాజు వేషం హేమది. పదమూడేళ్ల పిల్ల. గుట్ట అవతలున్న మేకల్ని ఇవతల నుంచి పిలిచి పిలిచి పెరిగిన గొంతు. రిహార్సల్లో ఆమె “ఎవరక్కడ” అంటే పక్క వీధిలో ఎవరో ఒకరు “ఏమి” అని నిజంగానే పలికేవాళ్లు. ఆ హేమ తల మీద మల్లికార్జునయ్య కిరీటం పెట్టబోతుంటే వెనక నుంచి లక్ష్మమ్మ, “ఆగప్పా, ఆ కిరీటం మాది” అంది.

మల్లికార్జునయ్య వెనక్కి తిరగకుండానే చిరునవ్వు నవ్వాడు. ముప్పై ఆరేళ్లు కౌంటర్ వెనక కూర్చున్నవాడి దగ్గర అలాంటి నవ్వు ఎప్పుడూ నిలవ ఉంటుంది.

“మీది కాదు లక్ష్మమ్మా, మాదే. మా మిక్సీ వచ్చిన డబ్బా అట్ట. ఆ అంచు మా ఉమాదేవి పాత పట్టుచీరది. లోపల సూడు, కంపెనీ పేరు గూడా ఉంటాది.”

“అట్ట నీదేలే సామీ, దాన్ని ఎవురడిగినారు. ఏసం మాది. రాజేసం మా ఈరేషుది.”

ఈరేషుకు నాయనమ్మ అయిన లక్ష్మమ్మ గొంతు పెంచే మనిషి కాదు. అయితే ఆమె కొంగు నడుముకు చుట్టిందంటే ఊళ్లోవాళ్లు దారి ఇస్తారు. ఇప్పుడు చుట్టింది. వరండా కింద అప్పటికే పాతిక మంది దాకా పోగయ్యారు. ఆదివారం, పైగా కరెంటు లేదు.

“పదకొండు ఆదివారాలు నా ఇంట్లో కూడు తింటివా లేదా?”

లెక్క అనగానే మల్లికార్జునయ్యకు వేళ్లు కావలసి వచ్చాయి. చేతిలోని కిరీటాన్ని పక్కనే ఉన్న కొక్కేనికి తగిలించినట్టుగా హేమ తలకు తగిలించి, వేళ్లు మడిచి చూసుకున్నాడు. మొదటి ఆదివారం మాత్రం ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకున్నాడు.

“పదకొండే. తిన్నాను.”

“ఏమేం తింటివి?”

“జొన్నరొట్టె, గురెళ్ల పొడి. పుండికూర పప్పు నాలుగు తూర్లు. వంకాయ పుల్లగూర. దీపావళి ముందర ఓళిగలు.” ఆయన మొహంలో ఒక తృప్తి కనిపించింది. “రెండు ఓళిగలు ఇంటికి గూడా కట్టిచ్చినావు.”

“రొట్టె మీద ఎన్నపూస నువ్వు అడిగితే పెట్టినానా, అడక్కుండా పెట్టినానా?”

“అడక్కుండానే పెట్టినావు.”

“ఇన్నారు గదా అందరూ” అని లక్ష్మమ్మ జనం వైపు తిరిగింది. జనం విన్నారు. వాళ్లకు విషయం తేలిపోయింది. తేలనిదల్లా మల్లికార్జునయ్యకే.

ఆయన అవస్థ చూసి శేషప్ప ముందుకొచ్చాడు. శేషప్ప ఊరికి పెద్దమనిషి, ఒకప్పుడు ఊరి నాటకాల్లో రాజు. ఆ నాటకాల హార్మోనియం పెట్టె ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. దానికి ఆరు మెట్లు మూగబోయాయి, మిగతావి పలుకుతాయి.

“నీకు ఇది తెల్దా సారూ? నాటకం నేర్పే మేష్టరు ఊర్లోకి వస్తే, ఎవరింట్లో ఎక్కువ పూటలు తింటాడో ఆ ఇంటి పిల్లోనిది రాజేసం. మా తాత కాలం నుంచి ఇంతే. నేను ఇరవై రెండేండ్లు రాజేసం కట్టినా. నా గొంతు సూసి ఇచ్చినారనుకుంటాండావా?”

శేషప్ప గొంతు ఎండిన బావి మీద గిలక తిరిగినట్టు ఉంటుంది. అలా ఎవరూ అనుకోలేదు.

“మా అమ్మ ఆ మేష్టరుకు రెండు నెల్లు దినామూ సంగటి పెట్టింది. నువ్వు మొదటి దినం లక్ష్మమ్మ గడప తొక్కిన పొద్దే ఊరంతా అనుకుంది, ఈరేషు రాజైనాడు అని.”

మల్లికార్జునయ్య చెయ్యి తనకు తెలియకుండానే ప్యాంటు జేబు మీదికి పోయింది. ఆ జేబులో ఒక గుడ్డసంచి ఉంటుంది. మడత పెట్టిన సంచి జేబులో లేకుండా ఆయన పెళ్లిళ్లకు కూడా వెళ్లడు. అవసరం అనేది చెప్పి రాదని ఆయన నమ్మకం. ప్రతి ఆదివారం ఎర్రదొడ్డిలో అవసరం వచ్చింది. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే ఆయన రెండుసార్లు వద్దనేవాడు, అది మర్యాద. మూడోసారి సంచి తెరిచేవాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి, నిండిన సంచి ఫోటో తీసి, ‘కల్లాకపటం తెలియని పల్లె జనం ప్రేమ’ అని వాకింగ్ గ్రూపులో పెట్టి, కింద మూడు దండాల బొమ్మలు కూడా పెట్టేవాడు. ఆయన భార్య ఉమాదేవి ఆదివారాలు కూరగాయలు కొనడం మానేసి రెండు నెలలైంది.

“ఆ లెక్కన నా శెనక్కాయల మాటేంది సారూ?” అన్నాడు శేషప్ప.

“ఏ శెనక్కాయలు?”

“మూడు తూర్లు సంచి నింపితిని గదా. అది మంత్రేసానికి. మా మనవరాలు లావణ్యకు.”

జనంలోంచి అబ్రహాం చెయ్యెత్తాడు. “నావి గుడ్లు సారూ.”

“నేను గుడ్లు తినను గదా అబ్రహాం.”

“తినవని తెలుసు సారూ. తీసుకుంటివి గదా.”

ఇది నిజం. ఆ గుడ్లు ఎదురింటివాళ్లకు ఇచ్చి మల్లికార్జునయ్య ఉదారుడనే పేరు కూడా తెచ్చుకున్నాడు.

“సరే, నాకు తెలీక జరిగింది” అన్నాడు మల్లికార్జునయ్య. “అన్నీ తిరిగి ఇచ్చేస్తాను.”

“శెనక్కాయలు ఇస్తావు, గుడ్లు ఇస్తావు. రొట్టె ఎట్లిస్తావు సామీ?” అని లక్ష్మమ్మ నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మల్లికార్జునయ్య షీల్డును తలుచుకుని ధైర్యం తెచ్చుకున్నాడు. “సూడమ్మా, నాటకమంటే రొట్టెలు కాదు. గొంతు. రాజు మాట్లాడితే జాతరలో చివరాఖర్న జిలేబీ అమ్మేవానికి గూడా వినపడల్ల. హేమా, ఆ నోటీసు మాట సెప్పు.”

హేమ కిరీటం సర్దుకుని, రెండు కాళ్లూ దూరంగా నిలిపి, గుట్టవైపు చూస్తూ మొదలుపెట్టింది. “సదరు వానా, నా రాజ్యం విడిచి పోవడానికి నీకు... నీకు...”

అక్కడే ఆగింది. మూడు నెలలుగా ఆ పిల్ల అక్కడే ఆగుతోంది. అంతవరకూ ఉరుముతుంది, అక్కడికి రాగానే చెప్పు తెగినట్టు నిలబడిపోతుంది. స్తంభం చాటు నుంచి ఎవరో, “సెలవెవరిచ్చారు” అని గుసగుసగా అందించారు. హేమ అందుకుని ముగించింది.

“ఇప్పుడు ఈరేష్ సెప్పల్ల” అన్నాడు మల్లికార్జునయ్య.

స్తంభం చాటు నుంచే ఈరేష్ వచ్చాడు. పన్నెండేళ్లవాడు. నాటకంలో తెర లాగే పని వాడిది. అదే మాట వాడూ చెప్పాడు. చెప్పాడని పెదవులు కదలడాన్ని బట్టి తెలిసింది. మెట్ల మీద పడుకున్న కుక్క చెవి కూడా కదపలేదు.

అదే సమయంలో బడి గేటు దగ్గర నుంచి హేమ వాళ్లమ్మ ఉరుకుందమ్మ చెయ్యి ఊపి కూతుర్ని పిలిచింది. “ఇప్పుడే వస్తా సార్” అని హేమ కిరీటంతోనే పరుగెత్తింది. ఎవరూ ఆ వైపు చూడలేదు. అందరూ లక్ష్మమ్మనే చూస్తున్నారు. ఆమె నడుముకు చుట్టిన కొంగు విప్పి మెట్టు మీద కూర్చుంది.

“నాకు కిరీటం ఏం సేసుకునేదానికి సామీ” అంది. “నా కొడుకూ కోడలూ మంగళారం సుగ్గికి పోతారు. గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి. నాలుగు నెల్లు రారు. పోయినేడు ఈన్ని గూడా తోల్కపోయిరి. తిరిగొచ్చే పొద్దుకు బడిలో ఈని పేరు కొట్టేసినారు. మల్ల రాపిచ్చేకి నా కాళ్లు అరిగిపాయె. ఈ తూరి ఊర్లో ఒక మాట అనుకున్యాం. నాటకంలో ఏసముండే పిల్లోళ్లు ఈడ్నే ఉండి బడికి పోవల్ల, ఏసం లేనోళ్లు లారీ ఎక్కల్ల. అందుకే సామీ, నీకు ఎన్నపూస.”

ఎండైనా ముసురైనా పద్నాలుగు మందీ ఒక్క ఆదివారం కూడా తప్పకుండా రావడం తన బోధన మహిమ అని మల్లికార్జునయ్య ఇన్నాళ్లూ అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు, గ్రూపులో కూడా పెట్టాడు.

అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడ్డ లక్ష్మమ్మ కొడుకు ధనుంజయ నోరు విప్పాడు. “తెర గుంజేది ఏసమా సారూ? అది సేతి పని. సేతి పని మిరపతోటలో గూడా ఉంది. ఒక్క మాట సెప్పు, మావోనికి ఏసం ఉందా, లేదా? ఒక లారీ ఈ పొద్దే పోతాంది. మాది మంగళారం. ఇప్పుడే సెప్తే కూలీల మేస్త్రీకి ఒక మనిషి తక్కువని సెప్పొస్తా.”

తేలిగ్గా ‘ఉంది’ అనేయొచ్చు. భటుడని ఒక బల్లెం ఇచ్చి నిలబెట్టొచ్చు. కానీ ఈరేష్ వాళ్ల నాయన్ని కాకుండా మల్లికార్జునయ్యనే చూస్తున్నాడు. ఆ చూపు ముందు భటుడనే మాట ఆయన అనలేకపోయాడు. దాని బదులు స్తంభం చాటు గుసగుస గుర్తొచ్చింది.

“హేమకు మాట అందించింది నువ్వేనా?”

“అవు సార్.”

“మంత్రి మాటలు వస్తాయా?”

“వస్తాయి సార్.”

“వానవి?”

“వస్తాయి.”

“ఎప్పుడు నేర్చుకుంటివి?”

“తాడు పట్టుకోని ఊరికే నిలబడేదే గదా సార్. మీవి గూడా వస్తాయి.”

“నావేం ఉన్నాయి?”

“తెర లేసే ముందర మీరు మాట్లాడతారు గదా సార్. ఏడు నిమిషాలు. అందులో షీల్డు మూడు తూర్లు వస్తాది.” ఈరేష్ కాస్త ఆలోచించి, సాయం చేసే ఉద్దేశంతోనే అన్నాడు. “అది తీసేస్తే వాన తొందరగా వస్తాది సార్.”

జనంలో ఎవరో దగ్గారు. మల్లికార్జునయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది శుభ్రంగానే ఉంది.

“సరే. నీకేం కావాల్నో నువ్వే సెప్పు.”

ఈరేష్ చెయ్యి చూపించాడు. వరండా అంచున శేషప్ప హార్మోనియం పెట్టె, పెట్టె వెనక ఒక చాప. “ఆడ కూసుంటా సార్.”

అది మల్లికార్జునయ్య చోటు. జాతరలో స్టేజీకి ఎడమ పక్క, అందరికీ కనపడేలా, హార్మోనియం పక్కన దర్శకుడి హోదాలో కూర్చోవడానికి ఉమాదేవి చేత గంధం రంగు సిల్కు జుబ్బా కుట్టించుకున్నాడు. బ్యానర్ మీద వేయడానికి, ఆ జుబ్బాలో, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఫోటో కూడా దిగాడు.

“పెట్టె కాడ కూసునేది ఏసమేనా మామా?” అని ధనుంజయ శేషప్పను అడిగాడు.

“ఏం మాట అది” అన్నాడు శేషప్ప. “ఇరవై రెండేండ్లు కిరీటం పెట్టుకోని నేను భయపడింది పెట్టె కాడ కూసునే మేష్టరు ఒక్కనికే. ఆయప్ప తలకాయ ఊపితేనే నేను లోపలికి రావల్ల. ఊపకుంటే రాజైనా తెర ఎనక నిలబడల్సిందే. మాట మర్సిపోతే ఆయప్పే దిక్కు. ఒకతూరి నా మింద కోపమొచ్చి ఊపనే లేదు. ఆ పొద్దు రాజు లేకుండానే నాటకమాయె.”

“రాజు గూడా ఈని మాట ఇనల్నా?”

“ఇనల్సిందే.”

ధనుంజయ కొడుకును కింది నుంచి పైదాకా చూశాడు. ఆ మూగ గొంతు పిల్లవాడికి రాజు భయపడటమనే విషయం ఆయన లోపల నెమ్మదిగా కుదురుకుంది. ఇంక మిగిలింది మల్లికార్జునయ్య ఒప్పుకోవడం. ఆయన జుబ్బాను ఒకసారి, ఫోటోను ఒకసారి తలుచుకున్నాడు. తర్వాత వంగి, చాప మీద తాను పెట్టుకున్న దిండు తీసేశాడు. పిల్లవాడు దిండుకు ఆనుకుని కూర్చుంటే చేతులు పెట్టెకు అందవు.

“పోయి కూసోప్పా మేష్టరూ” అన్నాడు.

“అయితే ఈడ్నే ఉండనీలే” అన్నాడు ధనుంజయ.

లక్ష్మమ్మ లేచి కొంగు దులుపుకుంది. “పదకొండు ఆదివారాలకు ఇది సరిపోతాది సామీ. ఈ పొద్దు రొట్టెలు తెచ్చినా. ఇవి ఉత్తవే, ఏ ఏసానికీ గావు, భయపడకుండా తిను.”

అబ్రహాం గుడ్ల సంగతి కూడా అక్కడే తేలింది. వాళ్ల రెండోవాడికి వాన వేషం. రాజంతటివాడు లేచి నిలబడి దండం పెట్టేది వానకేనని తెలిశాక అబ్రహాం గుడ్లకు గిట్టుబాటైందన్నట్టు తలూపాడు.

“ఇంగ మొదలుపెట్టండి” అన్నాడు మల్లికార్జునయ్య, అలవాటు కొద్దీ. తర్వాత గుర్తొచ్చి నోరు మూసుకుని జనంలోకి వెళ్లి కూర్చున్నాడు. 1987 తర్వాత నాటకానికి జనంలో కూర్చోవడం ఆయనకు ఇదే మొదలు.

ఈరేష్ పెట్టె మీద ఒక మెట్టు నొక్కాడు. పలకలేదు. పక్కది నొక్కాడు, పలికింది. తల ఊపాడు. ఇంకో పిల్లవాడు తాడు లాగితే దుప్పటి తెర లేచింది. మంత్రి లావణ్య వచ్చి, రాజుగారు వేంచేస్తున్నారని ప్రకటించి పక్కకు జరిగింది.

రాజుగారు వేంచేయలేదు.

ఈరేష్ మళ్లీ తల ఊపాడు. లావణ్య మళ్లీ ప్రకటించింది. దుప్పటి గాలికి కదిలింది తప్ప రాజు జాడ లేదు.

“హేమ యాడ?” అన్నాడు మల్లికార్జునయ్య.

పాతిక మంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. “వాళ్లమ్మ పిలిస్తే పోయిందిలే సారూ” అని ఎవరో అన్నారు. అంతలో వీధి మలుపులో లారీ హారన్ వినిపించింది.

“ఈ పొద్దు లారీలో ఎవరు పోతాండారు?” అని మల్లికార్జునయ్య లేచి నిలబడ్డాడు. “ఏసముంటే ఉండొచ్చంటిరి గదా. ఆ పిల్లది రాజేసం గదా.”

ఈసారి లక్ష్మమ్మ గొంతు కూడా తగ్గింది. “ఏసముంటే సాలదు గదా సామీ. పిల్లోన్ని సూసుకునేకి ఇంట్లో ఒక ముసిల్దన్నా ఉండల్ల. ఉరుకుందమ్మకు ఎవురుండారు? మొగుడు లేడు, అత్త లేదు. పిల్లను యాడ ఇడిసి పోతాది?”

పదకొండు ఆదివారాల్లో ఉరుకుందమ్మ ఆయనకు ఏమీ పెట్టలేదు. స్కూటర్ పంక్చరైన రోజు చెంబుతో నీళ్లిచ్చింది, అంతే. కాబట్టి పిల్లను ఎవరింట్లోనైనా ఉంచుకోమని అడిగే హక్కు ఆమెకు ఉందని ఊరు అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. మల్లికార్జునయ్య సంగతి చెప్పనక్కర్లేదు. హేమ ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా ఆయనకు తెలియదు.

లారీ బడి ముందుకొచ్చింది. మూటలు, బిందెలు, వంటపాత్రలు, వాటి మధ్య ముప్పై మంది మనుషులు. అన్నిటికంటే పైన, ఒక పరుపు చుట్ట మీద హేమ. ఇవ్వడం మర్చిపోయిందో, ఇవ్వబుద్ధి కాలేదో, మిక్సీ డబ్బా కిరీటం తల మీదే ఉంది. పట్టుచీర అంచు ఎండకు తళతళలాడుతోంది.

ఆ పిల్ల లేచిన తెరను చూసింది. పెట్టె వెనక కూర్చున్న ఈరేష్‌ను చూసింది. ఈరేష్, ఏం చేయాలో తోచక, మేష్టరు చేసే పని చేశాడు. తల ఊపాడు.

హేమ తాడు పట్టుకుని లేచి నిలబడింది.

“సదరు వానా, నా రాజ్యం విడిచి పోవడానికి నీకు సెలవెవరిచ్చారు?”

ఎక్కడా ఆగలేదు. గుట్ట అవతల మేకలకు కూడా వినపడి ఉంటుంది. మెట్ల మీది కుక్క లేచి నిలబడింది. లారీ మాత్రం ఆగలేదు. ఉరుకుందమ్మ కూతురి పరికిణీ పట్టి కూర్చోబెట్టడం, దుమ్ము లేవడం ఒకేసారి జరిగాయి.

ఈరేష్ పెట్టె మూసి వచ్చి స్కూటర్ వెనక సీటెక్కి కూర్చున్నాడు. “పోనీండి సార్” అన్నాడు. ఇది అందరికీ వినపడింది.

మల్లికార్జునయ్య తాళం కోసం జేబులో చెయ్యి పెడితే గుడ్డసంచి వచ్చింది. లక్ష్మమ్మ దాన్ని అందుకుని గంపలోంచి మూడు రొట్టెలు తీసి అందులో వేసింది. ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు.

“ఒకటి నీకు, ఒకటి ఈనికి” అంది. “మూడోది ఆ పిల్లకు. నా ఇంట్లో ఇంగొక రొట్టెకు పిండి ఉందని వాళ్లమ్మకు నువ్వే సెప్పల్ల.”

ఆ స్కూటర్ మూడో కిక్కుకు గానీ స్టార్ట్ కాదని ఎర్రదొడ్డిలో అందరికీ తెలుసు. మల్లికార్జునయ్య మొదటి కిక్కు కొట్టాడు. రెండోది కొట్టాడు. లారీ అప్పటికే ఎమ్మిగనూరు రోడ్డెక్కింది.